అధికాదాయము – గృహస్థుని నెమ్మది

ఆశ్రమములు నాలుగింటిలో గృహస్థాశ్రమము తక్కిన మూడింటికిని ఆధారమని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. సకల ప్రాణులును వాయువు నాశ్రయించి జీవించునట్లు, బ్రహ్మచారియు, వానప్రస్థుడును, సన్న్యాసియు గృహస్థు నాశ్రయించియే జీవింతురని మనుస్మృతి అభిప్రాయము. కావున గృహస్థుడు నెమ్మదిగా నున్నాడా లేదా అను ప్రశ్న అతని గడపలోపలనే ముగియునది కాదు. అతని మనస్సు స్థిమితముగా నున్నప్పుడే విద్యార్థికి చేయూతయు, అతిథికి అన్నమును, వృద్ధులకు శుశ్రూషయు, దేవాలయమున దీపమును నిలుచును.

పూర్వము ఆదాయము లేని గృహస్థుడు చింతించెడివాడు. నేడు ఆదాయమున్న గృహస్థుడును చింతించుచున్నాడు. మన దేశమున కుటుంబముల రాబడిని పరిశీలించు ‘ప్రైస్’ అను పరిశోధన సంస్థ, 2020–21 నాటి ధరలను బట్టి, సాలునకు 5 లక్షలు మొదలు 30 లక్షల రూపాయల వరకు ఆదాయము గల కుటుంబములను మధ్యతరగతిగా లెక్కించినది. ఆ హద్దు దాటిన కుటుంబము ఆ లెక్కలో ధనిక కుటుంబమే. కాని అట్టి యింటివారి నడిగినచో, ‘‘మేము మధ్యతరగతివారమే, నెలాఖరు గడచుట కష్టముగా నున్నది’’ అందురు. ఈ మాట అసత్యమా? దురాశయా? లేక ఇందేదైన ధర్మసంకటము కలదా? ఇది విచారింపదగిన విషయము.

ఉదాహరణమునకు హైదరాబాదులోని ఒక గృహమును తీసికొందము. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిదప, దాని చుట్టునున్న కొండాపురము, గచ్చిబౌలి మున్నగు పల్లెలు అంతస్తుల మేడలతో నిండిపోయినవి. అట్టి మేడలలో ఒకదానియందు ఒక దంపతులు, వారి యిరువురు పిల్లలు నివసించుచున్నారు. భార్యాభర్త లిరువురును సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పన్నులు పోగా నెలకు ఇంటికి చేరునది రెండున్నర లక్షలు. ఇంటి అప్పునకు బ్యాంకువాయిదా 87 వేలు. కారు వాయిదా 20 వేలు. పిల్లల చదువు, బస్సు 35 వేలు. మేడ నిర్వహణకు 7 వేలు. వంటమనిషికి, పనిమనిషికి, చిన్నపిల్లను చూచు ఆయాకు కలిపి 25 వేలు. తిండి సామగ్రికి 30 వేలు. కరెంటు, ఫోను, పెట్రోలు 15 వేలు. బీమా 8 వేలు. తెనాలిలో నున్న తల్లిదండ్రులకు 10 వేలు. మొత్తము 2 లక్షల 37 వేలు. మిగులునది 13 వేలు. పండుగ, పెండ్లి, జ్వరము, ప్రయాణము – అన్నియు అందులోనే జరుగవలెను.

ఇందు పెద్దది ఇంటి అప్పు. కోటి రూపాయలు నూటికి ఎనిమిదిన్నర వడ్డీతో ఇరువది యేండ్ల గడువునకు తెచ్చినచో, నెలసరి వాయిదా 86,782 రూపాయలగును. మొదటి నెల కట్టిన దానిలో 70,833 రూపాయలు వడ్డీకే పోవును; అసలునకు చేరునది పదునారు వేలకంటె తక్కువ. గడువు ముగియునప్పటికి కట్టిన మొత్తము రెండు కోట్ల 8 లక్షలు దాటును. అనగా ఒక ఇంటిలో నివసించుటకు రెండిండ్ల వెల చెల్లింపబడుచున్నది.

ఇచ్చట పూర్వపక్షము ఇట్లుండును: ‘‘ఇది యంతయు ఆశవలన కలిగిన కష్టము. తెనాలిలో ఈ యువకుని తండ్రి ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించి, ఒక్క జీతముతో ముగ్గురు పిల్లలను పెంచలేదా? ఇల్లు కట్టలేదా? ఆయన కున్న నెమ్మది ఈతనికేల లేదు?’’ పెద్దలు తరచుగా ఈ మాట అనుచుందురు. వినుటకు సమంజసముగానే తోచును. కాని సిద్ధాంతము చెప్పుటకు ముందు ఆ తండ్రి ఆదాయమును సరిగా లెక్కింపవలెను.

‘అదృష్టము’ అను పదమునకు లోకములో భాగ్యమని అర్థము. శబ్దార్థము మాత్రము ‘కనబడనిది’ అని. ఆ తండ్రికి జీతపు పట్టీలో కనబడిన దృష్టాదాయము స్వల్పమే. కాని కనబడని ఆదాయములు కొన్ని కలవు. పిల్లలు జిల్లా పరిషత్తు పాఠశాలలో దాదాపు వ్యయము లేకయే చదివిరి. పదవీ విరమణానంతరము జీతములో సగమునకు దగ్గరగా పెన్షను లభించినది. కావున వార్ధక్యమునకై వేరుగా కూడబెట్టవలసిన పని లేకపోయినది. ఇంటి స్థలము పిత్రార్జితము. పిల్లలకు జ్వరము వచ్చినచో రాత్రి మేలుకొనుటకు నాయనమ్మ యున్నది, ప్రక్కయింటి పిన్నిగారున్నారు. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఒక్క జీతముతో నడచినదని చెప్పబడు ఆ యిల్లు నిజమునకు ఇరువురి శ్రమతో నడచినది. తెల్లవారుజామున లేచి రాత్రి పదింటి వరకు పనిచేసిన ఇల్లాలికి జీతము లేదు. అందుచేత ఆమె శ్రమ ఏ లెక్కలోనికిని ఎక్కలేదు.

కుమారునికి ఆ కనబడని ఆదాయములు పోయి, అవియే కనబడు వ్యయములైనవి. పాఠశాలకు ఫీజు కట్టవలెను. అతని ప్రైవేటు కొలువులో తండ్రికి వచ్చినట్టి పెన్షను లేదు; ప్రభుత్వ కొలువులోనైనను, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి సాధారణముగా ఆ పాత పద్ధతి వర్తింపదు. నాయనమ్మకు బదులు ఆయా, ఇల్లాలి వంటకు బదులు వంటమనిషి. ఇల్లాలు ఉద్యోగము చేయుట దోషము కాదు. ఆమె చదివిన చదువునకు అది న్యాయమైన ఫలమే. కాని రెండవ జీతములో కొంత భాగము, ఆ జీతము కొరకు విడిచిన పనులను మరల కొనుటకే వెచ్చింపబడుచున్నదను సత్యమును మరువరాదు. కావున తండ్రి జీతమును కుమారుని జీతముతో పోల్చి నిందించుట న్యాయము కాదు. మంచి పాఠశాల, మంచి వైద్యశాల ప్రజలకు సమకూర్చుట రాజధర్మము. అది తగ్గిన చోట గృహస్థుని భారము పెరుగును. ఆకలి గొన్నవానికి సంతృప్తిని బోధించుట ఎట్లు తగదో, ఈ భారము మోయువానిని ఆశాపరుడని దూషించుటయు అట్లే తగదు.

తండ్రి కాలము స్వర్గమనియు భావింపరాదు. ఆయన రేషను దుకాణమున వరుసలో నిలిచినాడు. కుమార్తె పెండ్లికి భార్య గాజులు తాకట్టు పెట్టినాడు. ఆయనకును అప్పు కలదు, చింతయు కలదు. అయినను ఆయనకు ఒక సౌకర్యముండెను. తన వీధిలో తనకంటె మిక్కిలి భిన్నముగా బ్రదుకువాడు లేడు. కావున ‘చాలును’ అను మాట ఆయన నోట సులభముగా వచ్చెను.

కుమారుని విషయమున విచారింపవలసిన రెండవ భాగ మిదియే. శ్రీమద్భాగవతము అష్టమస్కంధమున వామనమూర్తి బలిచక్రవర్తిని యాచించు ఘట్టము అందరికిని తెలిసినదే. బలి గ్రామములను, గజములను, ద్వీపమునే కోరుకొమ్మనును. స్వామి మూడడుగుల నేల చాలుననును; మూడడుగులతో తృప్తి చెందనివానికి ఒక ద్వీపము దొరకినను తృప్తి కలుగదనియు, వాడు ఏడు ద్వీపములను కోరుననియు వివరించును. ఇచ్చట సాధారణముగా గమనింపబడని విశేష మొకటి కలదు. స్వామి యడిగినది తన పాదముతో కొలిచిన మూడడుగులు. బలి పాదముతో కాదు. ఇంద్రుని పాదముతో కాదు. ఆ పాదమే పిదప లోకముల నాక్రమించెను గదా యని శంకింపరాదు. అది త్రివిక్రముని లీల. బలిని అనుగ్రహించుటకై చేసినది. మానవుని పాదము పెరుగదు. ప్రక్కవాని పాదముతో తన నేలను కొలుచుకొనునపుడు అది చిన్నదిగా తోచును, అంతియే.

పై గృహములో జరిగినదియు అదియే. మూడు గదుల ఇల్లు చాలియుండగా, సహోద్యోగులు నాలుగు గదులది కొనిరని నాలుగు గదులది కొనబడినది. ఉన్న కారు పరుగిడుచుండగనే పెద్ద కారు వచ్చినది. నగరము వెలుపల రెండవ ఇంటికై బయానా ఇచ్చుటకును సిద్ధపడిరి. 87 వేల వాయిదాలో కొంత భాగము కాలము విధించినది. కొంత భాగము పొరుగువాని పాదము విధించినది. ఈ రెండింటిని వేరుచేసి చూచుటయే వివేకము.

ఇంతలో తెనాలిలో తల్లి పెరటిలో జారిపడి తుంటి ఎముక విరుగగొట్టుకొన్నది. కుమారుడు గంటలోపల వైద్యశాలకు ధనము పంపినాడు. ఆ రాత్రియే బయలుదేరి వచ్చినాడు. మూడవనాడు తిరుగు ప్రయాణమైనాడు. పని విడిచినచో కొలువునకు ముప్పు, కొలువు పోయినచో వాయిదాకు ముప్పు. బయలుదేరునపుడు తండ్రి మెల్లగా ఇట్లనెను: ‘‘నాయనా, ధనము వేళకు పంపితివి. ఏ లోటును రాలేదు. మీ అమ్మ మాత్రము దినమునకు పదిమార్లు గుమ్మము వైపు చూచుచున్నది. నీకు నెలకెంత వచ్చునో నేనెన్నడును అడుగలేదు. ఇప్పు డొకటి యడుగుచున్నాను. నీ చేతిలో దినము లెన్ని యున్నవి?’’

‘‘నాన్నగారూ...’’ అని కుమారుడు తలవంచెను. అతని యొద్ద సమాధానము లేదు.

అధికాదాయము సుఖజీవనమును కొనగలదా అను ప్రశ్నకు ఆ వృద్ధుని మాటలోనే జవాబు కలదు. ఆదాయము వస్తువులను కొనును; వైద్యమును కొనును; భయమును కొంత తొలగించును. ఇది చిన్న మేలు కాదు. పేదరికమును పొగడుట అది యెరుగనివారి పని. కాని ఆ ఆదాయము రాకముందే ఇరువదియేండ్ల కాలమునకు వ్రాసి యిచ్చినవాని చేతిలో ధనముండును గాని దినములుండవు. దినములు లేనివానికి నెమ్మది యెక్కడిది?

ఆ వామనఘట్టముననే శుక్రాచార్యుడు బలికి ఒక లెక్క చెప్పెను. విత్తమును ధర్మమునకు, కీర్తికి, అర్థవృద్ధికి, భోగమునకు, స్వజనులకు అని అయిదు భాగములు చేసినవాడు ఇహపరములు రెండింటను సుఖించునని. భగవంతునికి దానము చేయవలదని వారించుటకై చెప్పుటచేత ఆ సందర్భము దోషయుక్తము. లెక్క మాత్రము దోషము కాదు. నేటి గృహములలో భోగము తక్కిన నాలుగు భాగములను మ్రింగివేయుచున్నది. స్వజనుల భాగము పదివేల రూపాయలుగా మిగిలినది. కాని విత్తమనగా ధనము మాత్రమే కాదు. ఆయుర్దాయము అంతకంటె గొప్ప విత్తము. దానిని కూడ అయిదు భాగములు చేయవలసియున్నది. తల్లిదండ్రులకు పంపు పైకముతోపాటు వారియొద్ద గడపు దినములు కూడ లెక్కలో వ్రాయబడవలెను.

మరి అప్పు చేయుటయే పాపమా? కాదు. పద్మావతీదేవితో కల్యాణమునకై శ్రీనివాసుడే కుబేరునియొద్ద ఋణము తీసికొనెనని వేంకటాచల మాహాత్మ్యము చెప్పుచున్నది. భక్తులు స్వామిని వడ్డికాసులవాడని ముద్దుగా పిలుచుటకు కారణ మదియే. అయితే ఆ ఋణమునకు ఒక కార్యము కలదు, పత్రము కలదు, సాక్షులు కలరు, కలియుగాంతమను గడువు కలదు. ఒక ఋణముపై మరియొక ఋణము, చూపుకొరకు ఋణము అందు లేదు. యుగాంతము వరకు వడ్డీ కట్టుట శ్రీపతికి చెల్లును. మానవున కున్న ఆయువు స్వల్పము. అతడు త్వరగా తీర్చుకొనుటయే మేలు.

ఆ దంపతులు తెనాలినుండి వచ్చిన పిదప కూర్చుండి లెక్క చూచుకొనిరి. రెండవ ఇంటి తలపు విడిచిరి. పెద్ద కారు అమ్మి ఆ అప్పు తీర్చిరి. సంవత్సరాంతమున వచ్చు బోనసును ఇంటి అసలునకు జమచేసి గడువు తగ్గించుకొన నిశ్చయించిరి. మూడు మాసములకొక వారము ఎవరో ఒకరు తెనాలిలో నుండవలెనని నియమము చేసికొనిరి. వారి జీతము పెరుగలేదు. నగరములో ధరలు తగ్గలేదు. తల్లి కర్ర సాయముతో గుమ్మము వరకు నడచి వచ్చు దినమున మాత్రము కోడలు ప్రక్కన నుండెను.

సప్తగిరీశుని సన్నిధిలో నిలిచి ‘స్వామీ, ఇంకను ఇమ్ము’ అని వేడుకొనుట గృహస్థులకు సహజము, అందు తప్పులేదు. లేనివాని కది యుక్తమైన ప్రార్థనయే. కలిగినవాడు దానితోపాటు ‘ఎంతవరకు చాలునో తెలిసికొను బుద్ధిని ఇమ్ము’ అని కూడ ప్రార్థించినచో, ఆ యింట ఆదాయమునకు నెమ్మది తోడగును.