పచ్చిపిక్క

పలాస నుంచి వజ్రపుకొత్తూరు వైపు వెళ్తుంటే, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక ముసలాయన. రెండెకరాల తోట, అందులో డెబ్బై కొబ్బరి చెట్లు, గట్ల వెంబడి జీడిమామిడి. ఉద్దానం అనే ఆ ప్రాంతంలో కొబ్బరి చెట్టుని పెద్దకొడుకు అంటారు. కన్నకొడుకులు పొట్ట చేత పట్టుకుని హైదరాబాదుకో చెన్నైకో వలసపోతారు. పెద్దకొడుకు మాత్రం ఇంటిని కనిపెట్టుకుని ఉంటాడు.

2018 అక్టోబరు 11న తెల్లారకముందే తిత్లీ తుఫాను తీరం దాటింది. గంటకి 140 కిలోమీటర్లు మించిన గాలి. వాన తెరిపిచ్చాక ముసలాయన తోటకి వెళ్లి చూస్తే నాలుగు చెట్లే నిలబడి ఉన్నాయి. మిగతావన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడి ఉన్నాయి. ఆయన ఒక్కో మొదలు దగ్గరా ఆగి, చేత్తో తడిమి, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కంట చుక్క నీరు రాలేదు.

తమ్ముడొచ్చి, "ఏటి సేస్తాం అన్నా, మనొక్కలకే అయిందా? ఊరంతా అలగే ఉంది" అన్నాడు. పక్కింటాయనొచ్చి, "చెట్లు లెక్క రాసుకెల్తన్నారు, డబ్బులొస్తాయిలే" అన్నాడు. హైదరాబాదు నుంచి కొడుకు ఫోన్ చేసి, "గుండె దిటవు చేసుకో నాన్నా" అన్నాడు. ఆయన ఫోన్ పక్కన పడేశాడు. మంచి మాట చెప్పిన ప్రతివాడి మీదా విరుచుకుపడ్డాడు. ముందు పెట్టిన అన్నం పళ్లెం తోసేశాడు. వచ్చేవాళ్లు రావడం మానేశారు.

ఆయన కోడలు పలాసలో జీడిపప్పు పనికి పోతుంది. అత్త ఆమెని బతిమాలింది.

"నువ్వయినా ఒక మాట సెప్పవే, ఇంటాడేమో."

"వద్దత్తా. పచ్చిపిక్కని కొట్టకూడదు."

అత్తకి అర్థం కాలేదు. కోడలికి మాత్రం అది చేతులతో నేర్చుకున్న సంగతి. జీడిపిక్క పెంకులో నూనె ఉంటుంది. పచ్చిగా ఉండగా కొడితే ఆ నూనె చిమ్మి చేతులు బొబ్బలెక్కుతాయి, లోపలి పప్పు ముక్కలవుతుంది. అందుకే ముందు పిక్కని ఆవిరికి ఉడికిస్తారు, లేదా కాలుస్తారు. సెగ తగిలాక ఆరనిస్తారు. అప్పుడు పెంకు తీస్తే పప్పు గుండుగా బయటికొస్తుంది. గుండుకున్న ధర బద్దకి లేదు, బద్దకున్న ధర ముక్కకి లేదు. పని బాగా వచ్చిన ఆడమనిషిని గుండ్లు చూసే గుర్తుపడతారు.

చాలా రోజుల తర్వాత కరెంటు వచ్చింది. ఒక సాయంత్రం కోడలు టీవీ పెట్టింది. 'మూగ మనసులు' వస్తోంది. ఆమె శబ్దం కాస్త పెంచి, వీధి తలుపు బార్లా తీసి, చాటలో బియ్యం పోసుకుని కూర్చుంది. మావని లోపలికి పిలవలేదు.

"ఇంట్లో ఇంత కట్టం ఉంటే సినిమా ఏటే?" అంది అత్త.

"ఉండనీ అత్తా."

1964లో ఆ సినిమా వచ్చినప్పుడు ముసలాయనకి పదహారేళ్లు. స్నేహితులతో పొలాలకి అడ్డంపడి నడిచి, టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని చూశాడు. ఆదుర్తి సుబ్బారావు తీశాడనీ, పాటలకి మహదేవన్ బాణీలు కట్టాడనీ అప్పుడు తెలీదు. ఘంటసాల గొంతు మాత్రం తెలుసు. ఇప్పుడు ఆ గొంతే తలుపులోంచి అరుగు మీదికొచ్చింది. ఆయన తల తిప్పలేదు. రెండో పాటకి గోడకి జారగిలబడ్డాడు. ఆ తర్వాత ఎప్పుడు లేచాడో, గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

తెర మీద ముసలి గౌరి. ప్రేమించుకున్న ఇద్దరినీ గోదావరి తీసుకుపోతే, వాళ్ల సమాధుల్ని కనిపెట్టుకుని ఒంటరిగా మిగిలిపోయిన మనిషి. ముసలాయన భుజం మీది తుండు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నాలుగే మిగిలాయే" అన్నాడు.

అలాగే గడప మీద కూలబడి భోరుమన్నాడు. అత్త పరుగున లేవబోతే కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన్ని ఏడవనిచ్చారు. వెక్కిళ్లు తగ్గాక ఆయనే మొదలెట్టాడు. ఏ చెట్టు తండ్రి నాటిందో, ఏ చెట్టు నీళ్లు తియ్యనో, కొడుకు చిన్నప్పుడు ఏ చెట్టెక్కి జారిపడ్డాడో. కోడలు ఊ కొడుతూ కూర్చుంది. అర్ధరాత్రి దాటాక ఆయన గంజన్నం అడిగాడు. తెల్లారి గునపం అడిగాడు. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుందని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నీతి: దుఃఖం పచ్చిపిక్క. మాటతో కొట్టకు, సెగ తగలనివ్వు.

బాధపడేవాళ్ల దగ్గరికి మనం మాటలు మూటగట్టుకుని వెళ్తాం. 'ధైర్యంగా ఉండు', 'అందరికీ ఉన్నదే'. అవి అబద్ధాలు కావు, వేళ కాని వేళ పడే దెబ్బలు. ఎదుటివాడు కసురుకుంటే వాడి మనసు చెడ్డదని కాదు, పెంకులో నూనె ఇంకా పచ్చిగా ఉందని.

మన పెద్దవాళ్లకి ఈ సంగతి తెలుసు. మా వైపు మనిషి పోతే ఆడవాళ్లు వచ్చి రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్ల మంచిని వరస కట్టి తలుచుకుంటారు. బిగుసుకుపోయి కూర్చున్న ఇంటి మనిషి కూడా ఆ రాగంలో కరిగి గొంతు కలుపుతుంది. అయితే చెట్టు పోతే, కొలువు పోతే, ఊరు విడిచి వెళ్లాల్సి వస్తే ఏడవడానికి వరస లేదు. ఆ లోటు పాటా సినిమా తీరుస్తాయి. పరాయి మనిషి కథ గనక నామోషీ లేకుండా ఏడుస్తాం, ఏడుస్తూ ఏడుస్తూ మన కథలోకి వస్తాం.

నాన్న పోయిన రోజు నాకు కన్నీళ్లు రాలేదు. మూడు నెలల తర్వాత, టెక్కలి నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో డ్రైవరు పెట్టిన సుశీల పాట వింటుంటే వచ్చాయి. నాన్న ఆ పాటని తప్పుల తడకగా పాడేవాడు. పక్క సీట్లో ఒక పెద్దావిడ నన్ను చూసింది. ఏమైందని అడగలేదు. కిటికీ వైపు సీటు నాకిచ్చి, తను ఇటు జరిగి కూర్చుంది. ఆవిడ ఏ పని చేస్తుందో నాకు తెలీదు. గుండు పప్పు తీసే చేయి మాత్రం ఆవిడదే.