పంక్తి యెవరిది?

ఒకే గ్రంథానికి దొరికిన ప్రతులను ఎదురెదురుగా పెట్టి పాఠభేదాలు గుర్తించటం మన పండితులకు కొత్త కాదు. వేమన పద్యాల కోసం బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి చేయించిన పని అదే. ఈనాడు ప్రోగ్రాములు వ్రాసేవారు ఆ పనిని గిట్ అనే పనిముట్టుకు అప్పగించారు. లినక్స్ అవసరం కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీన్ని తయారుచేశాడు. నమోదు చేసినప్పుడల్లా అది ఫైలు స్థితిని, మార్చినవారి పేరును, తేదీని భద్రపరుస్తుంది. అడిగితే ఏ రెండు స్థితులనైనా పోల్చి, పోయిన పంక్తి ముందు తీసివేత గుర్తూ వచ్చిన పంక్తి ముందు కూడిక గుర్తూ పెట్టి చూపుతుంది.

ఇంతకంటె నిష్పాక్షికమైన సాక్షి వుండదని మన విద్యార్థులు నమ్ముతారు. నేను నమ్మను. గిట్ దాచేది స్థితులను. తేడా మనం అడిగినప్పుడు లెక్కకట్టేది. ఏ రెండింటిని పోల్చాలో నిర్ణయించేది మనమే. పోల్చే పద్ధతులు కూడా ఒకటికంటె ఎక్కువ వున్నాయి. ఒకే జత ప్రతులకు అవి వేరువేరు జాబితాలు ఇవ్వగలవు, రెండూ తప్పు కావు. ఒక భాగాన్ని పైనుంచి కిందికి జరిపితే, పైన పోయిందనీ కింద కొత్తగా పుట్టిందనీ మామూలుగా చెబుతుంది.

అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. ప్రతి పంక్తినీ చివరిసారి ముట్టుకున్నదెవరో చెప్పే ఆజ్ఞ పేరు ‘బ్లేమ్’, అంటే నింద. (సబ్‌వెర్షన్ అనే మరో పనిముట్టులో ఇదే ఆజ్ఞకు ‘ప్రెయిజ్’ అనే మారుపేరు కూడా వుంది. మెచ్చుకోవటానికి దాన్ని వాడినవారు నాకింకా తారసపడలేదు.) నలుగురు విద్యార్థులు కలిసి చేసిన పనికి మార్కులు వెయ్యవలసి వచ్చినప్పుడు ఉపాధ్యాయుడికి ఈ జాబితా ఎంతో సుళువుగా కనిపిస్తుంది. ఆఖరి రాత్రి ఒకడు కూర్చుని ఫైలంతటా పంక్తుల ముందరి ఖాళీలు సరిచేశాడనుకోండి, పంక్తులన్నీ వాడివైపోతాయి. నెలరోజులు శ్రమపడి తర్కమంతా అల్లిన అమ్మాయి పేరు ఎక్కడా కనపడదు. కోతనాడు కొడవలి పట్టినవాణ్ణి చూసి, పైరంతా వాడే పెంచాడనటం వంటిది ఇది. ఖాళీలను లెక్కచెయ్యవద్దని గిట్‌కు చెప్పే వీలున్నమాట నిజమే. చెప్పాలని మనకు తట్టాలి గదా! ఇక మూడువందల పనికిమాలిన పంక్తులను ఏరి పారేసినవాడి సంగతి? మిగిలిన ఫైలులో వాడి పేర ఒక్క పంక్తీ వుండదు. ఉద్యోగుల పనిని పంక్తుల లెక్కన కొలిచే యజమానికి వాడు సోమరిగా తోస్తాడు.

పనిముట్టును తిట్టి లాభం లేదు. వ్రాసినవారి పేరును, దాన్ని ఖజానాలో చేర్చినవారి పేరును గిట్ విడివిడిగా నమోదు చేస్తుంది. ఈ పాటి వివేకం మన కార్యాలయాల్లో చాలాచోట్ల కరువు. కాని ఇద్దరి నమోదులను ఒక్కటిగా కుదిస్తే కర్త స్థానంలో ఒక్క పేరే నిలుస్తుంది. రెండోవారి పేరు ఎవరైనా పూనుకుని వివరణలో వ్రాస్తేనే మిగులుతుంది. పూనుకోవలసింది ఎవరు? సాధారణంగా ఆ కుదించే అధికారం వున్నవారే.

అంచేత మార్కులు వేసేముందు నేను నలుగురినీ కూర్చోబెట్టి, ఫలానా మార్పు ఎందుకు చెయ్యవలసి వచ్చిందని ఒక్కొక్కరినీ అడుగుతాను. వాళ్ళలో వాళ్ళు తగువు పడతారు. మొదటి ఆలోచన యెవరిదో, అర్ధరాత్రి ఫోనులో దోషం కనిపెట్టి చెప్పింది యెవరో అప్పుడు తెలుస్తుంది. దీనికి ఒక పూట పడుతుంది. అంత తీరిక లేదనే తోటి ఉపాధ్యాయులు జాబితా చూసే మార్కులు వేస్తున్నారు.