ఫలం ఎవరిది?

పండరీ బట్టల మార్కెట్‌లో షట్టర్లు దించాక, రాత్రిళ్లు గేమ్ కోడ్ రాస్తాను. బొమ్మలు గీసేవాళ్లు కావాలి. ఇవ్వడానికి జీతం లేదు. ఫలం మీద ఆశ వద్దని గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం చెప్పిందిగా అంటారు. ఆ మాట నాకు నేను చెప్పుకోవాలి గానీ, ఎదుటివాడి నిద్ర వాడుకోవడానికి అడ్డం పెట్టుకుంటే అధర్మమే. 2009లో తొలి గ్లోబల్ గేమ్ జామ్‌లో అప్పటికప్పుడు జట్లు కట్టి 48 గంటల్లో ఆటలు చేశారు. గడువు అందరికీ ముందే తెలుసు, అందులో న్యాయముంది. అందుకే ఎవరిని పిలిచినా ముందే రాసిస్తాను: డబ్బు లేదు, పని ఇంత, మధ్యలో ఆగితే నీ బొమ్మలు నీవే.

మొన్నొక కుర్రాడు చీర అంచులోని నెమలిని 16 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి, తోకలో మూడు రంగులు నిలబెట్టాడు. ఎంత ఓపికో! రేపు ఈ ఆట ఆగిపోయి, అతను దాన్ని ఇంకో ఆటలో పెట్టుకుంటానంటే సంతోషంగా ఫైలు పంపేస్తాను.