ధైర్యం ఎవరి కొరకు?

ఉత్తర ఐరోపా ప్రాచీన గాథలలో ఒక విచిత్రం కలదు. అక్కడి దేవతలకు తమ ఓటమి ముందుగానే తెలియును. రాగ్నరోక్ అనే అంతిమయుద్ధంలో ఓడిన్‌ను తోడేలు మ్రింగును. థోర్ మహాసర్పాన్ని చంపి, దాని విషంతోనే నేల కూలును. ఇది తెలిసియు వారు ఆయుధాలు ధరించి బయలుదేరుదురు. మన పురాణాలలో ఇంద్రుడు ఎన్నిమార్లు స్వర్గం పోగొట్టుకొన్నను మరల పొందును. ఓడిన్‌కు ఆ ఊరట లేదు. గెలుపు లేదని తెలిసిన చోట నిలబడుటే వీరత్వమని, మనిషి పోయిన వెనుక మిగిలేది కీర్తి ఒక్కటేనని ఆ జాతి నమ్మినది.

నమ్మకం గంభీరమైనదే. అయినను ఒక సందేహం తీరదు. కీర్తి కొరకు మరణించినవాడు తన కొరకే మరణించినట్లు కాదా?

నార్వే దేశస్థుడు రోఆల్డ్ అముండ్‌సెన్ 1911 డిసెంబరు 14న అందరికంటె ముందుగా దక్షిణధ్రువం చేరినాడు. కీర్తికి ఆ ఒక్క దినం చాలును. కాని అతని జీవితంలో అంతకంటె పెద్ద దినం 1928 జూన్ 18. ఇటలీ దేశస్థుడు నోబిలే నడిపిన ఆకాశనౌక ఉత్తరపు మంచులో కూలినది. 1926లో ఆ ఇద్దరు కలిసి ఉత్తరధ్రువం మీదుగా ఎగిరినవారే. ఆ ఘనత ఎవరిదన్న తగవులో విడిపోయినవారు. అట్టి నోబిలేను వెదకుటకై అముండ్‌సెన్ ట్రోమ్సోలో విమానమెక్కినాడు. తిరిగి రాలేదు. నోబిలే బ్రతికి బయటపడినాడు.

ఆ మంచుదేశాలకు జంషెడ్‌పూరుకు ఏమి పొత్తు అని అడుగవచ్చును. అది కొలుముల నగరం. దాపున నున్న దాల్మా కొండ ఎత్తు ఇంచుమించు మూడు వేల అడుగులే. అయినను 1984 మే 23న ఎవరెస్టు చేరిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ తన ఉద్యోగజీవితాన్ని ఆ నగరంలోనే గడిపినది. టాటా ఉక్కు సంస్థ నెలకొల్పిన సాహసశిక్షణ సంస్థకు 2019 వరకు ఆమెయే సారథి. ఆమె శిఖరారోహణ అందరెరిగినదే. దానికి ముందు దినం జరిగిన సంగతి, ఆమె స్వయంగా చెప్పుకొన్నది, తెలుగునాట అంతగా వినబడదు. సుమారు 26 వేల అడుగుల ఎత్తున నున్న సౌత్ కోల్ శిబిరానికి ఆమె ముందుగా చేరినది. వారం క్రిందటనే ఒక రాత్రి మంచు విరిగి గుడారంపై పడి, ఆమె తలకు దెబ్బ తగిలియుండెను. మరునాడు తనతో ఎక్కవలసినవారు ఇంకను వెనుకనే ఉన్నారు. ఆమె ఒక ఫ్లాస్కులో పండ్లరసం, మరొకదానిలో వేడి తేనీరు నింపుకొని, ఆ గాలిలో వారికెదురుగా క్రిందికి దిగినది. ఇంత ప్రమాదానికి ఎందుకు పూనుకొన్నావని సహచరుడొకడు ఆశ్చర్యపడినాడు. శిఖరం కొరకు దాచుకొనవలసిన బలం అది. ఓడిన్ వంటివాడు ఆ తేనీటిని లెక్కలోనికి తీసికొనడేమో! అముండ్‌సెన్ తీసికొనును.

అట్లని ఒంటరిగా నడచినవానిని తీసివేయుట న్యాయం కాదు. నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్‌బాబు జంషెడ్‌పూరులోనే, నేడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అనబడే కళాశాలలో, ఇంజనీరింగు చదివినాడు. 2006లో ఏడు ఖండాల మహాశిఖరాలను 172 దినాలలో ఎక్కినాడు. కొండలపై మక్కువ అతనికి కోరుకొండ సైనికపాఠశాలలోనే కలిగినది; ఆ పాఠశాల పూర్వవిద్యార్థి లెఫ్టినెంటు ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టుపై అసువులు బాసినాడు. శిఖరం చేరనివాని మరణం ఒక బాలుని కొండలవైపు నడిపించినది. ఎవరి కొరకు మరణించినాడని ఉదయభాస్కరరావును అడిగియుంటే ఈ పేరు చెప్పగలిగేవాడు కాదు. కీర్తి కొరకు అన్నదానికి ఇంత అర్థం కలదని ఉత్తరదేశపు కవులు ఎరుగుదురు కాబోలు.

2015 మార్చిలో మస్తాన్‌బాబు ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా ఎక్కుచు కనబడకపోయినాడు. చిలీ, అర్జెంటీనా దేశాలవారు రెండువైపుల నుండి అతని కొరకు వెదకినారు. ఏప్రిల్ మొదటి వారంలో దేహం దొరకినది. ఆ నెలలోనే దానిని అతని స్వగ్రామమైన గాంధీజనసంఘానికి చేర్చినారు.