రురుని దండము

మహాభారతము ఆదిపర్వమున రురుచరిత్ర మను చిన్న కథ కలదు. జనమేజయుని సర్పయాగమునకు పూర్వరంగమువలె నుండుటచే పాఠకులు దానిని వేగముగ దాటిపోవుదురు గాని, అందలి ధర్మసూక్ష్మము సామాన్యమైనది కాదు. పాము కఱచి మరణించిన ప్రియురాలు ప్రమద్వరను తన యాయువులో సగమిచ్చి బ్రదికించుకొనిన రురుడు, నాటినుండి కనబడిన పామునెల్ల దండముతో మోదుచు తిరిగి, ఒకనాడు అడవిలో ముసలి డుండుభము నొకదానిని కొట్టబోయెను. విషము లేని యా ప్రాణి యతని నడిగిన దొక్కటియే: మనుష్యులను గఱచు పాములు వేఱు, మేము వేఱు, ఆకారమున సర్పములమైనంతమాత్రమున వాని యపరాధమునకు మమ్ము దండింపదగునా యని.

ఈ ప్రశ్నకు మన యిండ్లలో నేటికిని సమాధానము లేదు. కార్తిక శుద్ధ చవితినాడు పుట్టకడకు పోయి, చలిమిడియు చిమ్మిలియు నివేదించి, పాలుపోసి మ్రొక్కివచ్చిన గృహస్థుడే, మఱునాడు గడ్డివాము ప్రక్కన జెర్రిపోతు కనబడగనే నలుగురిని కేకవేసి దానిని చావమోదును. విషము గలదానికి పూజయు, లేనిదానికి కఱ్ఱయు! భయమే భక్తి వేషము ధరించినదనుట కింతకంటె నిదర్శన మేల? (పాము పాలు త్రాగి బ్రదుకు జీవి కాదను సంగతి యట్లుండనిండు.)

అద్వైతులు రజ్జుసర్పభ్రాంతిని దృష్టాంతముగ జెప్పుదురు. త్రాటియందు పామును జూచినవాని భ్రమ దీపము తెచ్చినంతనే తొలగును. త్రాటికి హాని లేదు. నిర్విషసర్పమునందు విషము నారోపించినవాని భ్రమ తొలగునప్పటికో, ఆ ప్రాణి నడుము విఱిగి పడియుండును. కట్లపామువంటి చారలు కలిగి, బల్లులకై గోడలవెంట ప్రాకు ఒక చిన్న పాము ఈ పోలిక కారణముననే యెన్ని యిండ్లలో చచ్చుచున్నదో! ఆ డుండుభమును పూర్వము సహస్రపాదుడను మునియే. అగ్నిహోత్రము చేయుచున్న మిత్రుని గడ్డితో జేసిన పాముచే బెదరించి శాపము పొందినవాడు. లేని విషమునకు భయపడుటనుండియే కథ పుట్టినది.

ఇక ప్రయోజనము మాట. జెర్రిపోతు ఆఱేడడుగుల నిడివి పెరిగి, పగటివేళ వడిగా సంచరించును. నాగుపాముతో జతకట్టునని జనులు చెప్పుకొనునది వట్టిమాట. కోతకు వచ్చిన వరిని ఎలుకలు కొఱికి వెన్నులను కలుగులలో దాచుకొనుట కృష్ణా గోదావరీ తీరముల రైతు లెఱుగనిది కాదు. కలుగులోనికి దూరి పిల్లలతో సహా మ్రింగుట పిల్లికిని గుడ్లగూబకును సాధ్యము గాదు, పామునకు సాధ్యము. పైగా ఎలుక లున్నచోటికే నాగుపామును వచ్చును గావున, జెర్రిపోతును చంపి ఎలుకలను పెంచినవాడు నాగుపామునకు విందు సిద్ధపఱచినవాడే.

అయినను ఈ లాభగణనమును ధర్మమునకు పునాదిగ నుంచుటకు నా మన సొప్పదు. ఎలుకలను తినుటచేతనే జెర్రిపోతు రక్షణీయ మగునేని, తోటలో ఆకులయందు ఆకై, తొండలను కప్పలను పట్టుకొని బ్రదుకు పసిరికపాము గతి యేమి? దానివలన మన గాదెకు ఒనగూరునది కానరాదు. డుండుభము రురునితో తన యుపకారములను ఏకరువు పెట్టలేదు. తాను నిరపరాధి ననియే చెప్పెను. ఆ మాట చాలవలెను.

చీకటిలో విషపరీక్ష యెట్లు చేయుదుమని యడుగుట న్యాయమే. మన దేశమున పాముజాతులు 300కు పైబడి యున్నను, ప్రాణముదీయు కాటులలో పెక్కింటికి నాగుపాము, కట్లపాము, రెండు రకముల పింజరలు కారణములు. కట్లపాము నిద్రించువారినే కఱచుటయు కలదు. కాబట్టి గుర్తెఱుగని పామును పట్టబోవలదు, కొట్టబోవలదు. పిల్లలను దూరముగ నుంచి, వాకిలి తెఱచి, దానిని పోనిండు. పోకున్నచో పాములు పట్ట నేర్చినవారిని పిలువుడు. దయ కలుగనివారికి చట్టమైనను కలదు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జెర్రిపోతును చంపుట నేరము.