రెప్పలు వాల్చిన లిజీ

మనల్ని ప్రేమించినవాళ్ళు మనల్ని సరిగ్గానే చూస్తారని ఆడవాళ్ళం నమ్ముతాం. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తెలియాలంటే, రోసెట్టి అనే లండన్ చిత్రకారుడు 1850ల్లో వేసిన పెన్సిలు బొమ్మలు చూడాలి. ఎన్నిట్లోనో ఒకే మనిషి, ఎలిజబెత్ సిడాల్. లిజీ అనేవారు. కుర్చీలో వెనక్కి వాలి ఉంటుంది, లేదా చదువుకుంటూ ఉంటుంది. రెప్పలు మాత్రం దాదాపు ఎప్పుడూ వాలే ఉంటాయి. ఆ గీతల్లో ఎంత లాలిత్యమో! రంగులు అబద్ధమాడినా పెన్సిలు ఆడదంటారు. నేనొప్పుకోను.

లిజీ ఆడవాళ్ళ టోపీల కొట్లో పనిచేసిన పిల్ల. మిలే అనే చిత్రకారుడు 1852లో పూర్తిచేసిన ఒఫీలియా బొమ్మ కోసం ఆమెను నీళ్ళతొట్టెలో పడుకోబెట్టాడు. తొట్టెకింద వెచ్చదనానికి పెట్టిన దీపాలు ఆరిపోయాయి. ఆయన చూసుకోలేదు, ఆవిడ నోరు విప్పలేదు. జబ్బు చేసింది. వైద్యానికి 50 పౌన్లిమ్మని తండ్రి పేచీ పెట్టాడు. బొమ్మని మాత్రం లోకమంతా మెచ్చుకుంది.

ఈవిడ ఉత్త మోడల్ కాదండీ. తనూ బొమ్మలు వేసేది, కవితలు రాసేది. ఆమె వేసే బొమ్మలకి ఏడాదికి 150 పౌన్లిస్తానని 1855లో రస్కిన్ అంతటి విమర్శకుడు ముందుకొచ్చాడు. తన మొహం తనే వేసుకున్న బొమ్మ ఒకటుంది. 1853-54 నాటిది. అందులో నాజూకు లేదు. బిగిసిన పెదవులు, అలిసిన కళ్ళు. రోసెట్టి బొమ్మ పక్కన పెడితే ఇద్దరూ ఒకరేనా అనిపిస్తుంది.

అతను లేనిది గీశాడని కాదు. ఆమె అలసట అతనికి అందంగా కనిపించింది, అంతే. నీరసంగా ఉన్న మనిషి కుర్చీలో వాలితే దిండు సర్దాలనిపించాలి గాని, పెన్సిలు చెక్కాలనిపించడమేమిటి? "వంట చేస్తుంటే ఎంత బావున్నావో" అని గుమ్మంలో నిలబడి మురిసిపోయే మొగుడిదీ ప్రేమే. పొయ్యి సెగ ఆ మాటలో ఉండదు.

అలాగని ఆ బొమ్మలే లేకపోతే టోపీల కొట్టు పిల్ల ఇవాళ మనలో ఎంతమందికి తెలిసేది? ఇదీ నిజమే. ఈ రెండు నిజాలూ నాలో ఇంకా పోట్లాడుతూనే ఉన్నాయి.

1860లో పెళ్ళయింది. మరుసటేడు బిడ్డ చనిపోయి పుట్టింది. 1862 ఫిబ్రవరిలో, నల్లమందు ద్రావకం మోతాదు మించి లిజీ పోయింది. 32 ఏళ్ళు.

రోసెట్టి 1853లో కలంతో వేసిన బొమ్మ ఒకటుంది. అందులో లిజీ అతని బొమ్మ వేస్తోంది. చూసేది ఆవిడ, కదలకుండా కూర్చున్నది అతను. ఆ బొమ్మ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను.