వండిన చేతికి వంతు

చదువవలసిన వాక్యభాగము: 1 రాజులు 17:8-16

బైబిలులో వ్రాయబడిన వంటలలో మిక్కిలి చవకయైనది సారెపతు విధవరాలి వంట. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె, ఏరుకొన్న రెండు పుల్లలు, అంతే. అది కరవు కాలము. ఊరి గవినియొద్ద ఆమెను చూచిన ఏలీయా మొదట నీళ్లడిగెను, తరువాత రొట్టె అడిగెను. ఆకలితోనున్న బీదరాలిని ముందుగా తనకు పెట్టుమనుట దైవజనునికి న్యాయమేనా అని మన యౌవనులు కొందరు అడుగుచుందురు. మంచి ప్రశ్నయే. అయితే ఈ కథలో మనము చదివి దాటిపోవు సంగతి యొకటి కలదు. తన ఆఖరి రొట్టెను గూర్చి చెప్పునప్పుడు ఆమె కుమారునికి మాత్రమే అనలేదు, తనకును కుమారునికిని అని చెప్పెను. ప్రవక్తయు ముందు తనకొక చిన్న అప్పము అడిగినను, పిమ్మట ఆమెకును ఆమె బిడ్డకును చేసికొనుమనెను. 15వ వచనములో భోజనము చేసినవారిలో ఆమె మరల కనబడుచున్నది. పట్టెడు పిండి మిగిలిన దినమున కూడ వండిన స్త్రీ లెక్కలోనుండి తప్పిపోలేదు.

మన యిండ్లలో లెక్క ఎట్లున్నది? ఫలాని కోడలు ఇల్లు బహు పొదుపుగా నడుపుచున్నదని మెచ్చుకొందుము. ఆ పొదుపు ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలియవలెనన్న, అందరును తిని లేచిన తరువాత కూరగిన్నె మూత తీసి చూడవలెను. మామగారు, భర్త, పిల్లలు తినిరి. అడుగున ఏమియు లేదు. ఆమె ఇంత అన్నములో ఊరగాయ కలుపుకొని పొయ్యి ప్రక్కనే ముగించును. తగ్గిన ఖర్చును ఆమె దేహము చెల్లించుచున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వరకు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. దీనికి కారణములు పెక్కు గలవు. ఆఖరున తినుట వాటిలో ఒకటి కాదని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు.

“ఆమె ప్రేమతో చేయుచున్నది, త్యాగము క్రైస్తవ గుణమే గదా” అని ఒకరు అనవచ్చును. ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. కరవునాడు తల్లి తన ముద్దను బిడ్డ నోటికిచ్చిన యెడల దానికి మనము తల వంచవలసినదే. కాని కుండ నిండుగా నున్న దినమున, ఎవరును ఆమెను అడుగకుండ, ఆమెయు ఎన్నుకొనకుండ, అలవాటుచొప్పున ఆమె వంతు మాయమగుచున్న యెడల దానిని త్యాగమని పిలుచుట తిన్నవారికి అనుకూలమైన పేరు పెట్టుటయే. కొరింథు సంఘములో ఒకడు ఆకలిగొనగా మరియొకడు మితిమీరి త్రాగినప్పుడు పౌలు ఆ సంఘమును మెచ్చుకొనలేదు. భోజనమునకు ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనుడని వ్రాసెను. ప్రభువు బల్లయొద్ద పాటించు మర్యాద ఇంటి పీటయొద్ద ఎందుకు ఉండరాదు?

కాబట్టి క్రొత్తగా పొయ్యి ముట్టించువారు, కోడండ్రు గాని చదువుకొరకు పట్టణమునకు పోవు కుమారులు గాని, బియ్యము కొలుచుటకు ముందు తలలు లెక్కింపవలెను, తమ తలతో కూడ. తరువాత ఆకుకూర పప్పు నేర్చుకొనుడి. ఇంతకంటె చవకగా బలమిచ్చు వంట నాకు తెలియదు. నలుగురికి ఒక గ్లాసు కందిపప్పు కడిగి అరగంట నానబెట్టినయెడల వంటచెరకు కలిసివచ్చును. మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, ఒక బొట్టు నూనె వేసి ఉడికింపవలెను. నూనెబొట్టు పొంగును అణచును. పప్పు మెత్తబడక మునుపు పులుపు వేయరాదు. వేసినయెడల ఎంతసేపు మంట పెట్టినను బద్దలు బద్దలుగానే యుండును. రెండు కట్టల తోటకూర ముందు కడిగి, పిమ్మట తరిగి, మెత్తబడిన పప్పులో వేసి, ఆకు మగ్గిన తరువాత ఉప్పును, ఉసిరికాయంత చింతపండు పులుసును కలుపవలెను. గోంగూరయైన యెడల చింతపండు అక్కరలేదు. పోపులో ఆవాలు చిటపటలాడిన పిమ్మట వెల్లుల్లి, ఎండుమిరప, కరివేపాకు వేయవలెను. జీలకర్ర త్వరగా మాడును గనుక చివర వేయుట మేలు. ఎరుగని ఆకు కోయకుడి. ఎలీషా కాలమున ప్రవక్తల శిష్యులలో ఒకడు తెలియని అడవికాయలు తెచ్చి కుండలో తరిగి వేసిన సంగతి 2 రాజులు 4వ అధ్యాయములో చదువగలరు.

అన్నమును గూర్చియు ఒక మాట. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకై చిన్నగా ఆరంభమైన సంస్థయే 1958లో హైదరాబాదునకు వచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయని పేరు పొందియున్నది. ఆ వ్యాధి పూర్వము మన కోస్తా జిల్లాలలో బహుగా నుండెడిది. మిల్లులో తెల్లగా పట్టించిన బియ్యమును పలుమార్లు కడిగి, ఉడికించి, గంజి వార్చి పారబోసినయెడల బి1 విటమిను చాలవరకు పోవును. మన గంజి కుడితితొట్టిలోనికి పోవుచున్నది, గేదె పుష్టిగానే యున్నది! బియ్యమును గట్టిగా రుద్దక ఒకటి రెండుసార్లు కడిగి, ఎసరు కొలిచి పోసి వండుట మంచిది. వార్చక తప్పనియెడల గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపి ఇంటివారే త్రాగవలెను.

పాదిరిగారు వచ్చుచున్నారని అప్పుచేసి కోడిని కొనువారున్నారు. ప్రేమతో పెట్టిన ఆకుకూర, పగతో పెట్టిన మాంసముకంటె మేలని సామెతల గ్రంథము 15వ అధ్యాయము బోధించుచున్నది గనుక పాదిరిగారికి పప్పు పెట్టినను కోపము రాదు, రాకూడదు.

వంట ఆడువారి పనియని చెప్పు మన పురుషులే పెండ్లి విందులోను క్రిస్మసు విందులోను పంచె ఎగగట్టి గుండిగలు కలియబెట్టుదురు. నలుగురు చూచునప్పుడు గొప్పయైన పని ఇంటిలో నామర్దా ఎట్లగును? పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రతీరమున తెల్లవారుజామున నిప్పులు సిద్ధపరచి, చేపను, రొట్టెను తన శిష్యులకు పెట్టెను. రాత్రియంతయు వలలతో అలసినవారు వచ్చి తినిరి. ఆయన చేసినది మన కుమారులు నేర్చుకొనుటకు తక్కువ పనియగునా?

వడ్డన ఆరంభించుటకు ముందే వండినవారి వంతును వేరొక గిన్నెలో తీసి మూతపెట్టుడి. ఎవరైన మరి కొంచెము అడిగినను దానిని ముట్టరాదు. వీలైన యెడల అందరును ఒకే పంక్తిలో కూర్చుండి, గిన్నెలు మధ్యన పెట్టుకొని ప్రార్థించి తినవచ్చును. మొదటి దినము కుమారుడు పప్పును అడుగంటించును. అట్టి పప్పును గరిటెతో కలియబెట్టక, పైభాగమును మెల్లగా మరియొక గిన్నెలోనికి వంచుకొన్నయెడల మాడువాసన అంతగా అంటదు. మాడిన గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టి, దానిని అతడే తోమవలెను.